మూడో ప్రశ్న

మా తమ్ముడు ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. విని ఊపుతాడో, వినకుండా ఊపుతాడో వాణ్ణి ఎత్తుకు పెంచిన నాకే ఇప్పటికీ తెలియదు. చిన్నప్పుడు అమ్మ విసిగిపోయి "బావిలో దూకుతావురా?" అని అడిగినా గంగిరెద్దులా ఊపేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లం. ఆ తల ఊపుడు ఒకనాడు వాడి మీదే సాక్ష్యమై కూర్చుంటుందని మాకేం తెలుసు?

మా ఇద్దరిదీ ఒకే నాటకశాల. నాది దుస్తుల గదిలో కుట్టుపని. వాడు తాళ్ల మనిషి. రంగస్థలం మీద కనిపించే తెరలూ, రంగు వేసిన గోడలూ ఆట లేనప్పుడు పైన చీకట్లో వేలాడుతుంటాయి. ఒక్కోదానికి ఒక గిలక, ఒక తాడు, రెండో కొసన సరితూకానికి ఇనుప దిమ్మలు. పక్కగోడ వెంట కర్ర గూటాల వరస. తాడు వదిలితే గోడ దిగుతుంది, లాగితే లేస్తుంది, గూటానికి చుట్టి కడితే నిలుస్తుంది. మామూలుగా ఒక చుట్టు చాలు. బరువు దిమ్మలను మించితే మాత్రం రెండు చుట్లు తప్పనిసరి. చెప్పుకుంటే ఇంతే విద్య. కింద తిరిగే వాళ్ల తలకాయలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఆ రోజు రాజమందిరం గోడకు వడ్రంగి కొత్తగా ఒక కర్ర కిటికీ బిగించాడు. గోడ బరువెక్కింది. సరిపడా దిమ్మలు సాయంత్రానికి గానీ రావు. అయినా అభ్యాసం ఆగలేదు. తమ్ముడు గోడను పైకి లాగి గూటానికి కట్టాడు. కాసేపటికి తాడు జారింది. గోడ ఒక్కసారిగా వచ్చి గుసగుసల పిన్ని మీద పడింది.

పిన్ని అసలు పేరు ఎవరూ వాడరు. నటులు మాట మర్చిపోతే తెర చాటు నుంచి గుసగుసగా అందించడం ఆవిడ ఉద్యోగం. ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని ఉంది. భుజం ఎముక విరిగింది. జానెడు ఇటు పడి ఉంటే ఆవిడ మనకు మిగిలేది కాదు.

పిన్నిని ఆసుపత్రిలో చేర్చి వచ్చాక తమ్ముడు మా వంటింటి గడప మీద కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండిపోయాడు.

"ఎన్ని చుట్లు వేశావురా?" అన్నాను.

"గుర్తులేదక్కా."

"బరువు పెరిగిందని నీకు తెలుసా, తెలీదా? వడ్రంగి టీ గదిలో అందరికీ చెప్పానంటున్నాడు. నువ్వు తల ఊపావట."

"ఊపే ఉంటా. విన్నానో లేదో తెలీదు."

నాకు ఒళ్లు మండింది. "గుర్తులేదు, తెలీదు అంటే ఎవరు నమ్ముతారు? ఏదో ఒకటి చెప్పి చావు."

"లేనిది ఎలా చెప్పను? ఆ పని నా చేతులు చేస్తాయి, నేను చెయ్యను. నువ్వు గుండీ కుట్టేటప్పుడు చుట్లు లెక్కపెడతావా?" అన్నాడు. తర్వాత చిన్నగా అన్నాడు. "ముగ్గురు కూర్చుంటారుగా. వాళ్లు చూసి చెప్తారు. నేను తప్పు చేశానో లేదో నాకూ తెలియాలి. వాళ్లేం చెప్తే అదే నిజం."

అప్పుడే వాడి నోరు మూయాల్సింది. పొయ్యి మీద పాలు పొంగితే అటు తిరిగాను.

మా నాటకశాలలో ఏదైనా పైనుంచి పడితే యజమాని దాకా పోనివ్వం. పనివాళ్లం మేమే తేల్చుకుంటాం. చీటీలు తీసి ముగ్గురిని కూర్చోబెడతాం. ఆ ముగ్గురూ ఎవరికి వారు చూసుకోవాలి, ఎవరికి వారు ఆలోచించుకోవాలి, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. రెండే ప్రశ్నలు. చేయి తప్పిందా? మనసుకు తెలుసా? రెండింటికీ అవునని తేలితేనే నేరం. తెలియక చేయి తప్పితే అది పొరపాటు. తెలిసి, చేయి తప్పకపోతే అది ఖర్మ. తెలిసి కూడా చేయి తప్పిన మనిషి ఇక తాడు ముట్టకూడదు.

ప్రతి ప్రశ్నకూ ముగ్గురికీ తలా ఒక తాడు ముక్క ఇస్తారు. అవుననుకుంటే ముడి వేసి, కాదనుకుంటే వేయకుండా సంచిలో పడేస్తారు. అందరి ముందూ సంచి కుమ్మరిస్తారు. ఎవరి ముక్క ఏదో తర్వాత కూడా ఎవరూ చెప్పుకోకూడదు. ముఖాలు చూసి మాట మార్చుకోకుండా పెట్టిన పద్ధతి ఇది. మా వాళ్లకు దీని మీద మహా గర్వం. నాకూ ఉండేది.

చీటీల్లో వచ్చిన ముగ్గురిలో ఒకరు పెద్దాయన. ముప్పై ఏళ్లు తాళ్లు పట్టి మానేసినవాడు, మా తమ్ముడికి పని నేర్పినవాడు. రెండో ఆయన తెరలకు రంగులు వేసే బాబాయి. మూడోది లైట్లు చూసే అమ్మాయి, రోజంతా నిచ్చెన మీదే ఉంటుంది, కిందికి దిగితే ఎవరో కొత్త మనిషి వచ్చిందనుకుంటాం.

వర్క్‌షాప్‌లో రంపపుపొట్టు ఊడ్చి బల్ల వేశారు. వడ్రంగి తను టీ గదిలో అరిచి చెప్పిన సంగతి, వాడు తల ఊపిన సంగతి చెప్పాడు. తమ్ముణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. తాడు పట్టినవాణ్ణి అడగకపోవడం కూడా పద్ధతే. అడిగితే అబద్ధం ఆడించిన పాపం మనదవుతుందని.

మొదటి ప్రశ్న. సంచి కుమ్మరించారు. రెండు ముడులు, ఒక ఉత్త తాడు. చేయి తప్పింది.

రెండో ప్రశ్న. మళ్లీ రెండు ముడులు, ఒక ఉత్త తాడు. మనసుకు తెలుసు.

మూడో ప్రశ్న లేదు. రెంటినీ కలిపితే వచ్చేది ఏదో అందరికీ తెలుసు కాబట్టి దాన్ని ఎవరూ అడగరు. పెద్దాయన లేచి గూటాల వరస దగ్గరికి వెళ్లి, మా తమ్ముడి తోలు చేతితొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు. "అయిపోయింది" అన్నాడు. తమ్ముడు తల ఊపాడు.

మర్నాటి నుంచి వాడిని నా గదిలో పెట్టుకున్నాను. గుండీలు కుట్టడం, అంచులు మడవడం. పనిమంతుడే, చేతిలో నేర్పు ఉంది. అదీ నా ఏడుపు. పనిరానివాడికి పని పోతే పోయిందనుకోవచ్చు.

ఒకరోజు అన్నం తింటూ వాడు అన్నాడు. "అక్కా, గుర్తొస్తోంది."

"ఏంటి?"

"వడ్రంగి చెప్పడం. విన్నట్టే ఉంది."

"ఉన్నట్టేనా, ఉందా?"

వాడు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. కొన్నాళ్లకు 'ఉన్నట్టే' పోయింది. "విన్నాను. గది నిశ్శబ్దంగా ఉంది. కిటికీ బరువని వడ్రంగి స్పష్టంగా చెప్పాడు." ఇంకొన్నాళ్లకు గూటం కూడా చేరింది. "ఒక చుట్టు వేసి, రెండోది ఎందుకులే అనుకున్నా. బద్ధకమేసింది." ఆ మాట చెప్తున్నప్పుడు వాడి ముఖం చూడలేకపోయాను. మా ఇంట్లో బద్ధకం నాది. వాడు చెప్పులు కూడా జతగా సర్ది పెట్టే మనిషి.

నిద్ర తగ్గింది, తిండి తగ్గింది. గుసగుసల పిన్నిని చూడడానికి వెళ్లడం మానేశాడు. "తెలిసీ చేశాను కదా, ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?" అన్నాడు. ఉద్యోగం పోవడం ఇప్పుడు నాకు పెద్ద బాధ కాదు. నా తమ్ముడు నా కళ్ల ముందే తను కాని ఇంకెవరో అయిపోతున్నాడు. దానికి ఏం చెయ్యాలో తోచక రాత్రిళ్లు ఏడ్చాను, పగలు అందరి మీదా అరిచాను.

అలా అరుస్తూ ఉండగానే సంగతి బయటపడింది. కుళాయి దగ్గర బాబాయి కుంచెలు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

"దించుకోవాల్సిందే బాబాయ్. వాడి నోటి దగ్గర కూడు తీసినవాళ్లలో నువ్వూ ఉన్నావుగా" అన్నాను.

ఆయన కుంచె పిండి పక్కన పెట్టాడు. "చెప్పకూడదు తల్లీ. కానీ మింగలేక చస్తున్నా. నా లెక్కలో వాడి తప్పు లేదు."

"మరి ముడి?"

"చేయి తప్పిందన్న మాట నిజమే. ఆ గూటాలకు ఆ వారమే నేను రంగేశాను. ఆ రంగు మీద తాడు ఒక్క చుట్టే ఒరుసుకుంది, రెండో చుట్టు గీత లేదు. అందుకే మొదటిదానికి ముడి వేశా. కానీ వాడికి తెలీదమ్మా. టీ గదిలో నేను వాడి పక్కనే కూర్చున్నా. పక్క గదిలో ఒకటే సుత్తి దెబ్బలు. వడ్రంగి నోరు కదలడమే కనిపించింది గానీ మాట నాకే వినపడలేదు. వాడు తల ఊపడం సంగతి నీకు చెప్పాలా? తెలియదు కాబట్టే మామూలుగా ఒక చుట్టు వేశాడు. రెండోదానికి ఉత్త తాడే పడేశా. మిగతా ఇద్దరూ ముడి వేశారు, నేనేం చెయ్యను?"

"మొదటిదానికి ఉత్త తాడు ఎవరిదనుకున్నావ్?"

"పెద్దాయనదే. శిష్యుడు కదా, మనసొప్పి ఉండదు."

ఆ వారంలోనే లైట్ల అమ్మాయి చొక్కా చంకలో చిరిగితే కుట్టించుకోవడానికి వచ్చింది. తమ్ముడు బయటికి వెళ్లేదాకా ఆగి, తలుపు వేసింది.

"అక్కా, తిట్టుకుంటున్నావని తెలుసు. కానీ నేను ఆయన తప్పు లేదనే అనుకున్నాను."

నా చేతిలో సూది ఆగిపోయింది. "ఏ ప్రశ్నకు?"

"చేయి తప్పలేదు. నేను నిచ్చెన మీద ఉన్నా. ఆయన చెయ్యి గూటం చుట్టూ రెండుసార్లు తిరగడం కళ్లారా చూశా. బరువు పెరిగిందని తెలుసు కాబట్టే రెండు చుట్లు వేశాడు. తెలియకపోతే ఎందుకు వేస్తాడు? తాడే పాతది, జారింది. తెలుసా అన్నదానికి ముడి వేశా, తప్పిందా అన్నదానికి వెయ్యలేదు. ఆ ఇద్దరూ వేశారు."

"రెండోసారి ఉత్త తాడు?"

"పెద్దాయనదేమో."

ఆమె వెళ్లాక తలుపు వేసుకుని కూర్చున్నాను. బాబాయి కథలో వాడు తెలియక ఒక చుట్టు వేశాడు. ఈ అమ్మాయి కథలో తెలిసి రెండు చుట్లు వేశాడు. ఎవరి కథ నిజమైనా వాడి తప్పు లేదు. తెలిసి కూడా ఒక్క చుట్టే వేసినవాడు ఆ ముగ్గురిలో ఒక్క పెద్దాయన బుర్రలోనే ఉన్నాడు. కానీ బాబాయి దగ్గర్నుంచి ఒక ముడి, ఈ అమ్మాయి దగ్గర్నుంచి ఒక ముడి వచ్చి పెద్దాయన ముడులతో కలిశాయి. ముగ్గురిలో ఇద్దరు వద్దనుకున్న తీర్పు ముగ్గురి తీర్పయి కూర్చుంది. ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరూ పగబట్టలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పిడికెడు పాపం కూడా ఎవరి చేతిలోనూ లేదు. ఎవరిని తిట్టాలో తెలియకపోవడం నాకు జీవితంలో అదే మొదలు.

పెద్దాయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని పాత తాళ్లు విప్పి పీచు వేరు చేస్తున్నాడు. అంతా చెప్పాను. పద్ధతి మీరి చెప్పినందుకు ఆ ఇద్దరినీ ఏమీ అనలేదు. విప్పుతున్న తాడు మాత్రం కింద పెట్టాడు.

"రెండు ముడులూ నేనే వేశాను. ఇప్పుడు అడిగినా వేస్తాను. నాకు అలాగే అనిపించింది" అన్నాడు.

"మీ మాట మీది పెద్దయ్యా, మీతో నాకు పేచీ లేదు. కానీ ఒకరి గుడ్డలోంచి చేతులు, ఇంకొకరి గుడ్డలోంచి మెడ కత్తిరించి చొక్కా కుట్టారు. అది వాళ్లిద్దరిదీ కాదు. దాన్ని మా వాడికి తొడిగారు. మూడో ప్రశ్న అడిగి ఉంటే వాడు ఈపాటికి తాళ్ల దగ్గర ఉండేవాడు."

"మూడో ప్రశ్న అడిగే రోజులు నేను చూశానమ్మా. అప్పట్లో అదొక్కటే అడిగేవాళ్లు. ఇతను ఉండాలా, పోవాలా అని. మా అన్న కూడా తాళ్ల మనిషే. నోరు మంచిది కాదు, ఎవరితోనూ పడదు. ఎలుకలు కొరికిన తాడు తెగింది. చేయి తప్పిందా అని ఎవరూ చూడలేదు, తెలుసా అని ఎవరూ అడగలేదు. పోవాలన్నారు, పోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. తాగి తాళ్లెక్కేవాడు ఒకడుండేవాడు, నలుగురినీ నవ్వించేవాడు. వాణ్ణి ఉండాలన్నారు, ఉన్నాడు. అందుకే మనిషిని అడగొద్దు, పనిని అడగండి అని ఈ పద్ధతి నేనే పెట్టించాను."

ఆయన చెప్పింది న్యాయమే. నేను చెప్పిందీ న్యాయమే. రెండు న్యాయాల మధ్య మా తమ్ముడు అడకత్తెరలో పోకచెక్కయ్యాడు.

"పనినే అడిగారు. పడింది మాత్రం మనిషి మీదే" అన్నాను. "వాడు మీ తీర్పు నమ్మాడు పెద్దయ్యా. లేనిది గుర్తు తెచ్చుకుంటున్నాడు. రోజుకింత."

అది విన్నాక ఆయన ముఖం మారింది. "గుర్తు తెచ్చుకుంటున్నాడా?" అని రెండుసార్లు అడిగాడు. "సరే. ఒక్కసారి అడుగుదాం" అన్నాడు.

మళ్లీ బల్ల వేశారు. ఈసారి గుసగుసల పిన్ని కూడా వచ్చింది, చెయ్యి మెడకు కట్టుకుని. పెద్దాయన నిలబడి, పద్ధతిలో లేని ప్రశ్న అడుగుతున్నానని, బాధ్యత తనదని చెప్పాడు. "మొత్తం చూసి చెప్పండి. ఇతనిది నేరమా?"

సంచి కుమ్మరించారు. ఒక ముడి, రెండు ఉత్త తాళ్లు.

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వడ్రంగి అయితే కళ్లు తుడుచుకున్నాడు. పెద్దాయన చేతితొడుగులు తీసి మా తమ్ముడి వైపు చాచాడు. నేను వాడి వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాను.

వాడు తీసుకోలేదు.

"మీరంతా నా మీద జాలిపడుతున్నారు. నాకు బాగా గుర్తుంది. బరువు పెరిగిందని విన్నాను. గది నిశ్శబ్దంగా ఉంది. అయినా ఒక్క చుట్టే వేశాను" అన్నాడు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

టీ గది ఆ రోజు నిశ్శబ్దంగా లేదని బాబాయికీ తెలుసు, సుత్తి కొట్టిన కుర్రాళ్లకూ తెలుసు. కానీ తాడు పట్టినవాడే ఒప్పుకుంటే కాదనడం ఎలా? రెండు ప్రశ్నల పద్ధతిలోనూ, ఒక్క ప్రశ్న పద్ధతిలోనూ దీనికి తాడు ముక్క లేదు. అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన చేతితొడుగుల వైపు చూస్తున్నాడు.

అప్పుడు పిన్ని మాట్లాడింది. గట్టిగా మాట్లాడడం ఆవిడకు అలవాటు లేదు, అందరం ముందుకు వంగాం.

"నాయనా, ఇటు చూడు. మాట మర్చిపోయినవాళ్లకు మాట అందించడం నా పని. ఇన్నేళ్లలో ఒకటి తెలుసుకున్నా. ఖాళీగా నిలబడ్డవాడికి ఏ మాట అందించినా తీసుకుంటాడు. పక్క నాటకంలోది అందించినా తనదే అనుకుని చెప్పేస్తాడు. నువ్వు మర్చిపోయి నిలబడ్డావు. వీళ్లు నీకు తప్పు మాట అందించారు."

తమ్ముడు ఆవిడ భుజం కట్టు వైపు చూశాడు. "అయితే నా మాటేది పిన్నీ?"

"నా దగ్గర లేదు నాయనా. ఎవరి దగ్గరా లేదు."

వాడు బల్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. గోడ పడిన రోజు కూడా వాడు ఏడవలేదు. పెద్దాయన వెళ్లి పక్కన కూర్చున్నాడు. కుమ్మరించిన తాడు ముక్కలు ఏరుకుని, వాటిలో ఉన్న ఒకే ఒక్క ముడిని విప్పడానికి ప్రయత్నించాడు. బిగుసుకుపోయింది, రాలేదు.

ఆ రోజు నుంచి మా దగ్గర ముగ్గురూ ముందు ఎవరు ఏం చూశారో పైకి చెప్పుకుంటున్నారు, తర్వాతే తాడు ముక్కలు. మొహమాటాలు పెరిగాయని కొందరు గొణుగుతున్నారు. పెరిగే ఉంటాయి. చేతితొడుగులు మళ్లీ గూటానికే వేలాడుతున్నాయి, వేరేవాళ్లు ముట్టుకోరు. తమ్ముడు ఇంకా నా గదిలోనే ఉన్నాడు. పిన్నిని చూడడానికి వెళ్తున్నాడు. గది నిశ్శబ్దంగా ఉందని మాత్రం ఇప్పుడు అనడు.

గుండీలు కుడుతున్నాడు. కుట్టాక మొదట్లో దారం ఒకసారి చుట్టి ముడేసేవాడు. ఇప్పుడు ప్రతి గుండీకీ రెండేసి చుట్లు. చొక్కాలకు అంత అక్కర్లేదు, దారం దండగ.

"ఒక చుట్టు చాలురా" అన్నాను నిన్న.

తల ఊపాడు. విన్నాడో లేదో నాకు తెలియదు.